ఇంజనుకు కొండ పడలేదట

ఆగస్టు 5, మంగళవారం

నువ్వన్నది తప్పు, ఫెర్మీనా. ఆడపడుచువని మొహాన అనలేదు కాబట్టి ఇక్కడ అంటున్నాను. ఇంజనుకు సొరోచె రాదు. ఆ జబ్బు ఊపిరితిత్తులున్నవాళ్ళకు వస్తుంది. కొండెక్కితే తల తిరుగుతుంది, వాంతి అవుతుంది, కోకా ఆకు బుగ్గన పెట్టుకుంటే తగ్గుతుంది. ఇనప దిమ్మకు తల ఎక్కడ, బుగ్గ ఎక్కడ? సాంతా క్రూజ్ మైదానంలో పుట్టి పెరిగిన ఇంజను కాబట్టి మన గాలి పడక మూలుగుతోందని బజారులో నలుగురి ముందు ప్రకటించావు. ఆ నలుగురూ తల ఊపారు. రేపటికి ఊరంతా ఊపుతుంది.

గాలి పలచబడితే ఇంజనుకు బలం తగ్గుతుంది, అది నిజమే. జీవితమంతా బడిలో సైన్సు చెప్పినదాన్ని, ఆమాత్రం నాకూ తెలుసు. మెకానిక్కు క్రిస్పీన్‌కూ తెలుసు. అందుకే మన ఎత్తుకు సరిపోయే జెట్లు, అంటే పెట్రోలు వదిలే సన్న రంధ్రాలు, మార్చి మరీ కార్బురేటర్ బిగించాడు. పైగా కొండ పడని ఇంజను స్టార్టు చేసింది మొదలు ఆపేదాకా మూలగాలి. ఇది అలా కాదు. స్టార్టు చేయగానే పెళ్ళికొడుకులా హుషారుగా ఉంటుంది. కాసేపటికి మిస్సింగ్ మొదలు. తర్వాత దగ్గు, వణుకు, ఆగిపోవడం. కొంతసేపు వదిలేస్తే మళ్ళీ పెళ్ళికొడుకు.

చూసింది వరసలో రాయండి, మీ అభిప్రాయం ఆఖర్న రాయండి అని పిల్లలకు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నాను. ఇప్పుడు నేనే అభిప్రాయంతో మొదలుపెట్టాను. సరే, వరస.

పికప్పు మా ఆయన ఎలాదియోది. ఆయన పోయాక మా అమ్మాయి కూతురు నిల్దా నడుపుతోంది. ఈ లోయలోంచి జున్ను, మొక్కజొన్న పొత్తులు, మనుషులు, ఎల్ ఆల్తో సంతకు. ముందు జున్నే. మనుషులు నలిగినా సర్దుకుంటారు. జూన్‌లో పాత ఇంజను బ్లాకు పగిలింది. నిల్దా కొత్తది తెప్పించింది, అంటే ఎక్కడో గుద్దుకున్న వ్యానులోని పాతది. క్రిస్పీన్ జులై అంతా దాన్ని ఆ బానెట్ కింద ఇరికించాడు. నెలాఖరుకు నడిచింది. బాగా నడిచింది, నా చెవులతో విన్నాను. ఆదివారం సరుకు ఎక్కించి బయల్దేరబోతే దగ్గడం మొదలుపెట్టింది.

దీని మీద ఆధారపడింది ఏమిటంటే నంబరు. డ్రైవర్ల సంఘంలో ఎలాదియో పేరున ఉన్న నంబరు మీద నిల్దా తిప్పుతోంది. ఆ సంఘంలో ఇంకో ఆడపిల్ల లేదు. ఇంజను పోయినప్పటినుంచి ఆమె వంతులన్నీ తప్పిపోతున్నాయి. పదహారో తేదీ శనివారం నిండు బరువుతో కనుమ దాటి వెళ్ళి రాకపోతే మర్నాడు సభలో ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంకొకరు అంటే సంఘం సెక్రటరీ అనస్తాసియో తమ్ముడి కొడుకు. నంబరు లేని బండి ఈ రోడ్డు మీద సరుకు ఎత్తకూడదు.

నాకేమీ బెంగ లేదు. పోతే పోతుంది.

ఆగస్టు 6, బుధవారం

మన దేశం పుట్టిన రోజు, జెండా పండుగ. ఊరేగింపులో బడిపిల్లల డప్పు లయ తప్పింది. షెడ్డులోంచి ఇంజనూ తప్పింది. రెండూ కలిసి వింటే డప్పే నయం.

ఆగస్టు 7, గురువారం

సంతకు వెళ్తూ దారిలో పడితే క్రిస్పీన్ షెడ్డు దగ్గర ఆగాను. సంత అటువైపు కాదు. కానీ ఈ వయసులో నడక మంచిది.

క్రిస్పీన్ నా దగ్గరే చదువుకున్నాడు. అంటే బెంచీ మీద కూర్చున్నాడు. నిల్దా సగం ఇంజనులోకి దూరి ఉంది, బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి.

"ఏం తేలింది?" అన్నాను.

"ఏమీ తేల్లేదు టీచరమ్మా. అదే నా ఖర్మ. ప్లగ్గులు మార్చా. పాయింట్లు గీకా. కాయిల్ వేరే బండిది పెట్టి చూశా. గాలి ఎక్కడన్నా లాగేస్తోందేమోనని గ్యాస్‌కెట్ల చుట్టూ సబ్బునీళ్ళు పోశా. మోతలో తేడా లేదు."

"ట్యాంకు?"

"దింపి కడిగా. పైపు ఊదా. పంపు చూడండి, పిచికారీలా కొడుతోంది."

"కార్బురేటర్?"

వాళ్ళమ్మను ఏదో అన్నట్టు చూశాడు.

"అది నా బల్ల మీద, తెల్లగుడ్డ పరిచి, నా చేత్తో విప్పి నా చేత్తో బిగించాను. అందులోకి పెట్రోలు తప్ప దేవుడు కూడా దూరలేడు."

"దూరితే మంచిదే కదా మామా," అంది నిల్దా లోపల్నించి. "కాస్త నెట్టేవాడు."

గాలి వడపోసే డబ్బా బల్ల మీద ఉంది. కొత్త ఇంజను పొడుగైనది, డబ్బా తగిలిస్తే బానెట్ పడటం లేదు. పొట్టిది దొరికేదాకా కార్బురేటర్ అలా నోరు తెరుచుకునే ఉంటుందట. రోడ్డెక్కేటప్పుడు మాత్రం పైన సన్నటి జాలీ కడతాడు.

ఎవరూ కొండ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అయినా బయటికి వస్తుంటే ఎదురింటి రొట్టెలాయన అడిగాడు, "ఇంజనుకు కాస్త అలవాటయిందా టీచరుగారూ, మన గాలి?"

ఆగస్టు 8, శుక్రవారం

ఫెర్మీనా పొద్దున్నే ఊడిపడింది. ఎలాదియో చెల్లెలు, పైగా ఆ ఇంజనుకు మద్రీనా. అంటే దాని శుభకార్యాలకు పెద్ద దిక్కు. బీరు, పూలు, రంగుకాగితం చుక్కలు అన్నీ తన ఖర్చే, మాటే శాసనం. మొదటి శుక్రవారం చాల్యా, అంటే భూమితల్లికి బీరు పోసి చుక్కలు చల్లే పూజ, జరిపించిందీ తనే. ఆగస్టులో భూమితల్లి నోరు తెరుచుకుని ఉంటుంది కదా, పెట్టకపోతే ఎలా.

"వదినా, నేను రాత్రంతా ఆలోచించాను. తప్పు మనదే," అంది.

"ఏం తప్పు?"

"ఆవేళ భూమితల్లి పచమామకు సగం సీసానే పోశాం. మిగతా సగం క్రిస్పీన్ తాగాడు."

"తాగింది క్రిస్పీన్ అయితే శిక్ష వాడికి పడాలి గదా. బండికెందుకు?"

"వాడికి నడుం పట్టేసింది. నీకు తెలీదేమో."

దీనికి జవాబు ఏ సైన్సు పుస్తకంలోనూ ఉండదు.

మధ్యాహ్నం అందరం షెడ్డులో చేరాం. ఈసారి లోటు రాకూడదని రెండు నిండు సీసాలు, సంచెడు కాగితం చుక్కలు, బుట్టెడు పూలరేకులు. ఇంజను నడుస్తుండగానే చల్లాలట. అలా అయితే భూమితల్లి దాని గుండె చప్పుడు వింటుందట. ఫెర్మీనా బీరు సీసా బొటనవేలితో మూసి ఊపి బానెట్ కిందంతా చిమ్మింది. పిడికిళ్ళతో చుక్కలు చల్లింది. గులాబీ, ఆకుపచ్చ, పసుపు. "తల్లీ, మా పిల్లను కొండ దాటించు," అంది. ఆ మాట అన్నప్పుడు దాని గొంతు మాత్రం మామూలుగా లేదు.

నేను పక్కన నిలబడ్డాను. నిల్దా నావైపు చూసింది, అమ్మమ్మా నోరు మూసుకో అనే చూపు. మూసుకున్నాను.

ఆగస్టు 9, శనివారం

అధ్వాన్నం. ఇప్పుడు వంతెన చేరకముందే దగ్గు.

ఫెర్మీనా తీర్పు: భూమితల్లి ముందు పాత కోపం కక్కేస్తుంది, తర్వాత శాంతిస్తుంది.

ఆగస్టు 10, ఆదివారం

పూజ అయ్యాక చర్చి మెట్ల మీద అనస్తాసియో టోపీ తీసి పలకరించాడు. మర్యాదగా పలకరిస్తే ఏదో ఉందన్నమాట.

"టీచరుగారూ, పిల్లను ఎందుకు కష్టపెడతారు? ఆ కనుమ మీద మొగాళ్ళకే కాళ్ళు వణుకుతాయి. చక్కగా ఓ దుకాణం పెట్టించండి."

"అనస్తాసియో, నీకు భిన్నాలు రావడానికి ఏడాది పట్టింది. ఇది నీవల్ల కాదు, దుకాణం పెట్టుకో అని నేను అన్నానా?"

నవ్వాడు. చెడ్డవాడేం కాదు. తమ్ముడి కొడుకు చాలాకాలంగా వరసలో నిలబడి ఉన్నాడు, ఇంట్లో రోజూ పోరు పెడుతుంటారు.

"మీ మీద గౌరవం కొద్దీ శనివారం దాకా ఆగుతున్నాం. తర్వాత రూలు రూలే."

"రూలు రూలే," అన్నాను. ఇంకేం అంటాను, రూళ్ళు నేర్పిందే నేను.

నిల్దా ఇంటికొచ్చి చేతులు ఎంతసేపో రుద్దుకుంది. గ్రీజు పోయాక కూడా రుద్దుకుంటూనే ఉంది. "నంబరు పోతే ఏమవుతుంది అమ్మమ్మా? ఎల్ ఆల్తోలో అమ్మ దగ్గరికి పోయి ఉల్లిపాయలు తూస్తాను. నీడపట్టున కూర్చునే పని," అంది. అప్పచెప్పడానికి బట్టీపట్టిన పాఠంలా అంది.

"ఉల్లిపాయలు కూడా మంచివే," అన్నాను నేను.

ఇంతకన్నా తెలివితక్కువ మాట ఈ ఏడాదిలో నా నోట రాలేదు. తాతతో పాటు ముందు సీట్లో కూర్చుని పెరిగిన పిల్ల. పెడళ్ళకు కాళ్ళు అందకముందే గేరు మార్చేది.

ఆగస్టు 11, సోమవారం

రాయడానికేమీ లేదు. నంబరు పోతే పోతుంది, ముందే రాశాను.

ఆగస్టు 12, మంగళవారం

క్రిస్పీన్ ఏవో మరలు తిప్పి, ఏటి రాళ్ళు వెనకకు ఎత్తి, కనుమ దాకా పోయి చూద్దామన్నాడు. నేనూ ఎక్కాను.

"నువ్వెందుకమ్మమ్మా?"

"పైన మూలికలు కోసుకోవాలి."

ఈ ఎండిపోయిన చలికాలంలో అక్కడ మూలిక కాదు గదా, గడ్డిపోచ ఉండదని ముగ్గురికీ తెలుసు. నిల్దా ఏమీ అనకుండా పక్కకు జరిగింది.

ఈసారి దగ్గకుండానే వంతెన దాటాం. చర్చి దాటాం. ఎక్కుడు మొదలైంది. పెళ్ళికొడుకు కులాసాగా పాడుతున్నాడు. నేను లోపల్లోపల లెక్కపెట్టుకుంటున్నాను, ఏం లెక్కో నాకే తెలియదు. పెద్ద బండరాయి మలుపు దగ్గర మొదట ఒక తుమ్ము. తర్వాత దగ్గు. నిల్దా గేరు దించింది. బండి వెన్నులోంచి వణికింది, ఆగింది. కుడిపక్క గోడ లేదు, లోయ ఉంది. నిల్దా చేతి బ్రేకు లాగి పట్టుకుంది. క్రిస్పీన్ దూకి చక్రం కింద రాయి పెట్టాడు. 

అలా కూర్చుని ఉండగా కిందినుంచి అనస్తాసియో లారీ వచ్చింది. కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏం నిల్దా, ఇల్యాంపు కొండకు దండం పెట్టుకుంటున్నావా?"

"లేదు పెద్దాయనా, నీ లారీ పొగ ముందు పోతుందేమోనని ఆగాను. నువ్వు పద, కొండ కనిపించాక నేనొస్తా."

నవ్వుతూనే అంది. లారీ మలుపు తిరిగాక స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉంచి ముందుకు చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

అట్లా ఎంతసేపో. లామాల మంద దాటింది, వెనక ఒక ముసలాయన దాటాడు. అప్పుడు నిల్దా తాళం తిప్పింది. తిప్పగానే పలికింది. ఏ జబ్బూ లేనట్టు.

"ఇది నన్ను వెక్కిరిస్తోంది," అన్నాడు క్రిస్పీన్. "టీచరమ్మా, నిజంగానే సొరోచె ఏమో."

"నువ్వు కూడానా?" అన్నాను.

మళ్ళీ ఆగిపోతుందన్న భయంతో వెనక్కు తిప్పుకుని వచ్చాం. దిగుడు కాబట్టి తప్పు బయటపడలేదు.

ఆగస్టు 13, బుధవారం

వరసలో రాయాలి. చేయి ఆగటం లేదు.

పొద్దున కెటిల్లో కోకా ఆకు వేసి మరిగించాను. ఆకును వడకట్టే ఓపిక లేక అలాగే కప్పులోకి వంచాను. ధార బాగా వచ్చింది. సగం కప్పు నిండేసరికి సన్నబడింది. తర్వాత చుక్కలు చుక్కలు. తర్వాత అదీ లేదు. కెటిల్ కింద పెట్టి ఎలాదియోకు చెప్పుకోవాల్సినవి చెప్పుకుంటూ ఉన్నాను, ఉల్లిపాయల సంగతి కూడా. మళ్ళీ వంచితే ధార బాగా వచ్చింది.

మళ్ళీ సన్నబడింది. మళ్ళీ కింద పెట్టాను. మళ్ళీ వచ్చింది.

మూత తీసి చూశాను. ఆకులు నీళ్ళలో తేలుతున్నాయి. వంచితే ధార వాటిని లాక్కెళ్ళి కొమ్ముకు అతికిస్తుంది. నిలబెడితే లాగేది ఉండదు, వదిలేసి ఈదుకుంటూ వెనక్కు పోతాయి. కెటిల్ బాగుంది, కొమ్ము బాగుంది, నీళ్ళు బాగున్నాయి.

కెటిల్ చేత్తో పట్టుకునే షెడ్డుకు నడిచాను. దారిలో రొట్టెలాయన "ఇంజనుకు టీ పడుతున్నారా?" అన్నాడు. "అవును," అన్నాను.

క్రిస్పీన్ బల్ల మీద వంచి చూపించాను, నిలబెట్టి చూపించాను, మళ్ళీ వంచాను. బల్ల తడిసింది. నిల్దా కెటిల్ వైపు, బండి వైపు మార్చి మార్చి చూస్తోంది.

"అంటే నా కార్బురేటర్లో ఆకు ఉందంటారా?" అన్నాడు క్రిస్పీన్.

"ఆకు అనలేదు. ఆకులాంటిది ఏదో. పెట్రోలు లాగుతున్నంతసేపూ జెట్టుకు అడ్డం పడుతుంది. బండి ఆగితే వదిలేస్తుంది."

"తెల్లగుడ్డ పరిచి..."

"ఆ తెల్లగుడ్డ జులైది. జులై తర్వాత ఎవరైనా దాని నోట్లో ఏదైనా వేశారా?"

ముగ్గురం ఒక్కసారే తలెత్తి బండి వైపు చూశాం. బానెట్ తెరిచే ఉంది. దాని లోపలి రేకుకు, ఎండిన బీరు మీద అతుక్కుని, గులాబీ, ఆకుపచ్చ, పసుపు చుక్కలు.

ముందు నవ్వింది నిల్దా. మొదట చేత్తో మూసుకుని, తర్వాత మూసుకోకుండా, చివరికి టైరు మీద కూలబడి. నేను ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. క్రిస్పీన్ నవ్వలేదు. శిలువ గుర్తు వేసుకుని, ఎవరి క్షమాపణ అడిగాడో తెలియదు, స్క్రూడ్రైవర్ తీశాడు.

కార్బురేటర్ పైమూత తీశాడు. కింద పెట్రోలు నిలిచే గిన్నె ఉంటుంది. ఆ గిన్నెలో, గాజు తొట్టిలో చేపల్లా, కాగితం చుక్కలు. కొన్ని నాని ముద్దయ్యాయి. ఒక గులాబీ చుక్క మాత్రం చెక్కుచెదరకుండా జెట్టు మీద టోపీలా కూర్చుని ఉంది. గిన్నెకు గాలి ఆడటానికి పైన చిన్న గొట్టం ఉంటుంది. వడపోత డబ్బా ఉంటే దాన్ని కప్పేస్తుంది. అది బల్ల మీదే ఉందిగా. మొదటి శుక్రవారం కొన్ని దూరాయి. రెండో శుక్రవారం, లోటు రాకూడదని, ఇంకొన్ని.

క్రిస్పీన్ ఒక్కొక్కటీ సన్న పట్టకారుతో తీసి కిటికీ గట్టు మీద పెట్టాడు. "దేవుడు దూరలేడన్నాను. చుక్కలు దూరతాయని అనుకోలేదు," అన్నాడు.

బిగించాక స్టార్టు చేశాం. నడిచింది. నడుస్తూనే ఉంది. మేము నిలబడి విన్నాం. నిల్దా ఊరు చుట్టూ రెండుసార్లు తిప్పి వచ్చి, ఆపకుండానే దిగి, నా నుదుటి మీద గ్రీజు పెదవులతో ముద్దు పెట్టింది.

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది. ఫెర్మీనాకు ఎవరు చెబుతారు?

"నేను చెప్పను," అంది నిల్దా. "నా కోసం మొక్కుకుంది. చూడలేదా, గొంతు ఎలా అయిపోయిందో."

"నేను చెబితే షెడ్డు మూసుకుని పోవాల్సిందే," అన్నాడు క్రిస్పీన్. "చాల్యా వల్ల బండి పాడయిందన్నవాడి షెడ్డుకు ఈ లోయలో ఎవడు బండి తోలతాడు?"

ఇద్దరూ నావైపు చూశారు. తప్పు దిద్దడం నా వృత్తి. వాక్యం అక్కడే తయారు చేసుకున్నాను, చిన్నది, మర్యాదైనది.

ఆగస్టు 14, గురువారం

ఫెర్మీనా ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చూన్యో, అంటే మంచుకు పెట్టిన బంగాళాదుంపలు, ఎండబెట్టుకుంటోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది, మొహం వెలిగిపోతోంది.

"విన్నాను వదినా, నిన్న సాయంత్రం మా ఇంటి ముందు నుంచే పోయింది. పిల్లిలా పోయింది. చెప్పానా, తల్లి కోపం కక్కేశాక శాంతిస్తుందని? ఒప్పుకుంటావా ఇప్పటికైనా?"

వాక్యం నాలుక చివర్న ఉంది. కర్త, కర్మ, క్రియ అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె చేతులు చూన్యో తొక్కలతో నల్లగా ఉన్నాయి. ఎడమ బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది, ఆవేళ బీరు సీసా మూత గీసుకున్న చోట.

"అవును, ఫెర్మీనా," అన్నాను.

కూర్చోబెట్టి అపి, ఊదా మొక్కజొన్న జావ, పోసింది. వేడిగా ఉంది.

ఆగస్టు 15, శుక్రవారం

కనుమ దాకా రాళ్ళతో పోయి వచ్చారు. ఒక్క తుమ్ము లేదు. నేను వెళ్ళలేదు, మూలికలు అక్కర్లేదు.

ఆగస్టు 16, శనివారం

తెల్లవారకముందే బయల్దేరింది. వెనక జున్ను, పొత్తులు, తొమ్మిదిమంది మనుషులు, ఒక మేక. మేకకు కూడా టికెట్టు తీసుకుందట.

ఇంట్లో పని చేసుకున్నాను. కిటికీ పక్కనే పని ఉంది కాబట్టి అక్కడే కూర్చున్నాను. అల్లిన చొక్కా చేయి ఒకటి ఎలాదియోకు కూడా పొడుగయ్యేటంత వచ్చింది, విప్పేయాలి.

ఎండ కొండ మీదికి పాకింది. లారీలు దిగి వస్తున్నాయి. అనస్తాసియో లారీ రాలేదు, నిల్దా రాలేదు. ఒకరు రాకపోతే ఒక కారణం. ఇద్దరూ రాకపోతే ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. అన్నీ వరసగా ఊహించుకున్నాను, ఈ మెదడుకు వేరే పని లేదు.

ఫెర్మీనా వచ్చి పక్కన కూర్చుంది. అడగకుండానే నా ఉన్ని చిక్కు విప్పసాగింది. ఇది కూడా మొదటిసారే.

దీపాలు పెట్టే వేళకు కొండ మలుపులో రెండు జతల దీపాలు, ఒకదాని వెనక ఒకటి. ముందున్నది మనది. శబ్దం వంతెన దగ్గర్నుంచే తెలిసింది, ఒకే ఊపున, ఒకే పలుకున. వాకిట్లోకి తిరిగి ఆగింది. ఆపితేనే ఆగింది.

 ఫెర్మీనా భుజం పట్టుకుని లేచాను. చలి ఎక్కువైందని చెప్పాను.

ఆగస్టు 17, ఆదివారం

సభ సంగతి నిల్దా చెప్పింది, గంగాళమంత గిన్నె నిండా చారు తాగుతూ.

అనస్తాసియో లేచి నంబరు విషయం తీశాడు. తమ్ముడి కొడుకు జుట్టు దువ్వుకుని ముందు వరసలో కూర్చున్నాడట. "రూలు రూలే," అన్నాడు అనస్తాసియో. "నిన్న ఆ పిల్ల నిండు బరువుతో పోయింది, నిండు బరువుతో వచ్చింది. ఇంకో విషయం కూడా చెప్పాలి. కనుమ మీద నా టైరు పోయింది. నా జాకీ విరిగింది. ముందు పోయినవాళ్ళు నలుగురు చేయి ఊపి పోయారు. ఇది ఆగింది. బోల్టులు కూడా ఇదే విప్పింది, నా నడుం సంగతి మీకు తెలుసు."

"మరి దండం పెట్టుకుంటున్నావా పెద్దాయనా అని అడగలేదా?" అన్నాను.

"అడగాలనే ఆపాను. అడిగాకే జాకీ ఇచ్చాను."

చేతులెత్తారు. నంబరు ఉండటమే కాదు, ఇకనుంచి తాత పేరు తీసేసి నిల్దా పేరునే రాయాలని తీర్మానం. తమ్ముడి కొడుక్కి వచ్చే ఏడు చూస్తారట. వాడు కూడా చెయ్యెత్తాడట పాపం, వాళ్ళ పెదనాన్న చూస్తున్నాడని.

చారు బాగుంది. రెండోసారి పోసుకున్నాను.

ఆగస్టు 18, సోమవారం

ఫెర్మీనా వచ్చింది. కాసేపు ధరలు మాట్లాడింది, కాసేపు వాతావరణం. లేచి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"వదినా, వచ్చే నెల చాల్యాకు కాగితం చుక్కలు వద్దులే. పూలరేకులు చాలు. అవీ చక్రాలకే."

"ఎందుకు?"

"క్రిస్పీన్ కిటికీ గట్టు మీద ఆరబెట్టినవి చూశాను. నేను నీలా చదువుకోలేదు గానీ, గుడ్డిదాన్ని కాదు."

కుర్చీలోంచి లేచాను. 

"ఎప్పుడు చూశావు?"

"నువ్వు మా ఇంటికి రాకముందే."

"మరి నేను వచ్చినప్పుడు ఏమిటా వేషం? తల్లి శాంతించింది, ఒప్పుకుంటావా అని?"

"నువ్వు నాకు పాఠం చెప్పడానికే వచ్చావని మొహం చూస్తేనే తెలిసింది. ఎలా చెబుతావో చూద్దామనుకున్నా. నువ్వేమో అవును ఫెర్మీనా అన్నావు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా అన్నను చేసుకుని ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి నీ నోట ఆ మాట వినలేదు నేను. దాన్ని ఎందుకు పాడుచేసుకోవాలి?"

వెళ్ళిపోయింది. వాకిలి దాటాక భుజాలు ఊగాయి. నవ్వుతోందని నాకు తెలుసు. నేనూ తలుపు వేసుకున్నాక నవ్వాను.

రేపటి పని: ఇనప సామాన్ల కొట్టుకు వెళ్ళాలి, పొద్దున్నే, గుంపు చేరకముందు. బండి తలుపు మీద రాయడానికి రంగు. తెల్లది చిన్న డబ్బా, నల్లది చిన్న డబ్బా. గోడకు వేసేది అంటగడతాడు, తీసుకోకూడదు, ఇనుముకు వేసేదే. బ్రష్షు సన్నది ఒకటి, వెంట్రుకలు రాలనిది, గోటితో లాగి చూసి మరీ. పాత పేరు గీకడానికి ఉప్పుకాగితం రెండు రకాలు, గరుకుది, నున్నటిది. ఎలాదియో అనే అక్షరాలు మరీ లోతుగా గీకనవసరం లేదు, పైన రంగు పడితే చాలు. అక్షరాలు నేనే రాస్తాను, ముందు సుద్దతో గీత కొట్టుకుని. నిల్దాను తలుపు తుడిచి ఉంచమనాలి, తడి లేకుండా.